నడుం దాకా కరాటే

బట్టలు కుట్టే ఆ మేడ మీది గదిలో టీ వేళ అయిందంటే ఇస్త్రీ పెట్టెకి స్విచ్చి ఆగుతుంది, ఇస్త్రీ పిన్ని నోటికి స్విచ్చి పడుతుంది. కొంగుతో మెడ తుడుచుకుని, గ్లాసు చేతికి అందగానే మొదలుపెడుతుంది. కోతలని తెలిసే అందరూ వింటారు. ఆ రోజు మాత్రం కాజాలమ్మాయికి వినే మనసు లేదు.

ఆ పిల్ల చేరి ఎన్నాళ్లో కాలేదు. గుండీ దూరే కంత చుట్టూ దారం అల్లడం ఆమె పని. పని వేళ్లకి బాగా కుదిరింది. కుదరనిదల్లా మెట్ల దగ్గరే. కింద సరుకు ఎక్కించే మేస్త్రీ ఒకడు సాయంత్రం పని వదిలే వేళకి మెట్ల మలుపులో చేరి, గోడకి భుజం ఆనించి, ఎదుటి గోడకి చెయ్యి చాపి నిలబడతాడు. ఆడవాళ్లు ఒళ్లు ముడుచుకుని ఆ చేతి కిందనుంచి దూరి పోవాలి. వాడికి వీళ్లు పెట్టుకున్న పేరు అడ్డగడియ. యజమానితో చెబితే, మెట్లు ఇరుకైతే వాడేం చేస్తాడన్నాడు. నిన్న వాడు ఈ పిల్ల జడ పట్టి ఆపాడు. ఇవాళ్టితో మానేస్తానని ఆమె కటింగ్ మాస్టారికి అప్పుడే చెప్పేసింది.

ఆ మాట పిన్ని చెవిన పడింది. "చాపిన చెయ్యి చూసి మానేస్తావా? నాకు జరిగింది వింటే ఏమంటావు మరి," అంటూ ముక్కాలిపీట ముందుకు లాక్కుంది.

"మొన్న బజారు మలుపులో ఒకడు నా సంచి పట్టి గుంజాడు. పరిగెత్తుదామంటే నాకు మోకాళ్ల నొప్పులాయె. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, గుర్రమెక్కినట్టు కూర్చున్నా. గుర్రం లేదు, కూర్చోడం ఉంది. కరాటేలో మొదటి పాఠం అదే. వాడు గుంజాడు, నేను కదల్లేదు. ఇంకా గుంజాడు. ఆఖరికి వాడి చెప్పే తెగింది."

ఇంతవరకూ నమ్మొచ్చన్నాడు మాస్టారు. నమ్మేసరికి పిన్నికి రోషం వచ్చింది.

వాడు ఈల వేశాడట. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని లాగారట. అందులో ఒకడు వెనకనుంచి రాబోతే, పిన్ని బరువంతా వెనక్కాలి మీద వేసి, ముందు కాలు నేలకి ఆనీ ఆననట్టు పెట్టి పిల్లిలా నిలబడిందట. ఆ కాలు ఎప్పుడు లేస్తుందో తెలియక వాడికి చెమటలు పట్టి, కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాడట.

"తన్నావా?" అన్నాడు మాస్టారు.

"తన్నడం దేనికి? తన్నుతానేమోననే వాడు పడ్డాడు."

ఇంతకీ సంచిలో ఏముందని ఎవరో అడిగారు.

"ఖాళీ డబ్బా. ఖాళీదైతే మాత్రం ఎందుకివ్వాలి? నాది కదా," అంది పిన్ని. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆమె ఇంకెవరివైపూ చూడలేదు, కాజాలమ్మాయి వైపే చూసింది. తర్వాత ఏమైందో తెలుసా అని తనే అడిగి, తనే అందుకుంది. సంచికి తాడు కట్టి ఆటోతో లాగించారట. ఆటో ముందు చక్రం గాల్లోకి లేచింది. లారీ తెచ్చారు. చక్రాలు తిరిగి తిరిగి పొగలొచ్చాయి. అప్పటికి కాలు కాస్త లాగేస్తుంటే, దానికీ విశ్రాంతి కావాలిగా అని, పిన్ని దాన్ని పైకెత్తి కొంగలా ఒంటికాలి మీదికి మారింది.

"మరి లారీ బలం ఎక్కడికి పోవాలి? నేను కదలను, సంచి తెగదు. వీధే కదిలింది. తివాచీ గుంజినట్టు, దుకాణాలూ కరెంటు స్తంభాలూ అన్నీ కలిపి. ఇదివరకు బస్సెక్కాలంటే ఎంత దూరం నడిచేవాళ్లం? ఇప్పుడు గుమ్మం దిగితే బస్సు. ఎవరు లాక్కొచ్చారనుకుంటున్నారు?"

గదంతా నవ్వింది. మాస్టారికి టీ పొలమారింది. కాజాలమ్మాయి నవ్వలేదు. ఇస్త్రీ బల్ల ఎదురుగా ఉన్న కిటికీలోంచి చూస్తోంది. వీధికి అవతల పిల్లలకి కరాటే నేర్పే హాలు. ఎండ పడుతుందని రోజూ షట్టరు సగానికి దించే ఉంచుతారు. దాని కింద తెల్ల లాగులూ వట్టి పాదాలూ వరసగా ఎడమవుతున్నాయి, వంగుతున్నాయి. నడుం పైన ఏమీ కనబడదు.

"పిన్నీ," అంది, "ఇంత జరుగుతుంటే నీ చేతులేం చేస్తున్నాయి?"

పిన్ని చూపూ కిటికీ దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇంకోటి. సాయంత్రం మేమంతా దిగిపోతుంటే, పెట్టె చల్లారలేదని నువ్వొక్కదానివీ ఉండిపోతావు. వాడు వెళ్లిందాకా అది చల్లారదా?"

పిన్ని గ్లాసు కింద పెట్టింది. ఇంకా ఇస్త్రీ కాని చొక్కాలు గుట్టగా ఉండగానే వెళ్లి పెట్టె ప్లగ్గు పీకేసింది.

"ఇవాళ తొందరగా చల్లారుతుంది," అంది.

సాయంత్రం అందరికన్నా ముందు పిన్నే దిగింది. మలుపులో అడ్డగడియ చెయ్యి చాపే ఉన్నాడు. ఆమె వంగలేదు, దూరలేదు. వాడి ఎదురుగా కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు వంచి నిలబడింది. పొద్దుణ్నుంచీ బల్ల ముందు, ఆ బరువు పెట్టె మీద వాలి నిలబడేదీ అలాగే. ఆ నిలబడటం కోత కాదని వెనక ఉన్న కాజాలమ్మాయికి అప్పుడు తెలిసింది. పాదాలు లేవలేదు. చేతులే ఏం చేయాలో తోచక కాసేపు పైకెత్తింది, కాసేపు దించింది, చివరికి వీపు వెనక పెట్టుకుంది. కాజాలమ్మాయి ఆ రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

"జరుగు," అన్నాడు వాడు.

"నేను నిలబడ్డాను. జరగాల్సింది నువ్వు."

వాడు భుజం పెట్టి తోశాడు. పిన్ని ఊగింది కానీ వెనక్కి పడలేదు. పడటానికి వెనక చోటు లేదు. వాడు తలెత్తి చూస్తే మెట్ల పైదాకా మొహాలే, అన్నిటికన్నా పైన మెడలో టేపుతో మాస్టారు. ఒక్కరూ తల దించుకోలేదు, అందరూ వాడివైపే. గోడ మీంచి చెయ్యి దిగింది. వాడు వెనక్కి వెనక్కి మెట్లు దిగి వీధిలో పడ్డాడు.

మర్నాడు టీ వేళకి కాజాలమ్మాయి తన చోట తను ఉంది. పిన్ని అప్పటికే అందుకుంది. వాడు తోసిన తోపుకి తను కదలకపోయేసరికి మేడే ఒక పక్కకి ఒరిగిందట. కావాలంటే గ్లాసుల్లో టీ చూసుకోమంది, ఒక వైపుకే నిలుస్తోందట.

"అదంతా సరే," అన్నాడు మాస్టారు, "మరి చేతులో?"

పిన్ని కాజాలమ్మాయి వైపు తిరిగింది.

కాజాలమ్మాయి పళ్లతో దారం తెంపింది. "అవి నా దగ్గరున్నాయి మాస్టారూ," అని, ఇంకో చొక్కా ఒళ్లోకి లాక్కుంది.