మే నెల నీళ్లు

హలో… ఆ, నేనే, సత్యనే. ఎవరూ?… మధూ! నువ్వా!… ఆగాగు, నీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. టీవీ ఆపించి వస్తాను…

ఆ, ఇప్పుడు చెప్పు.

బావున్నాం… అమ్మా బావుంది. నాన్న అరటి గెలలు వేసుకుని రావులపాలెం వెళ్లాడు… ఇక్కడ సాయంత్రం ఐదైంది. ఇంగ్లండులో ఎంతైందేంటి?… పన్నెండున్నరా! అయితే ఇప్పుడే లేచుంటావు మహారాణీ.

చూశాను, నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను… ఆ, జనవరిలో వచ్చిన ఎర్ర కోటుది కూడా. వెనకాల మీ యూనివర్సిటీ కదూ… బావున్నావులే. అమలాపురం నెట్ సెంటరులో ఆ ఫొటో పైనుంచి కిందకి తెరుచుకునేసరికి నేను కట్టిన గంటలో సగం పోయింది.

— వెటకారమేం కాదు.

రేపా? ఏంటి రేపు?… ఓ. ఆ ప్రాజెక్టు అందరి ముందూ చెప్పేది రేపేనా.

తెలుసులేవే, ఎన్నిసార్లు చెప్తావు! మీ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ డిగ్రీలో రెండో ఏడు తలా ఒక ఊరు తీసుకుని ఆ ఊరికేం కావాలో రాయాలి. నువ్వు మన ఊరు తీసుకున్నావు… అదే నేనూ అంటున్నాను. తీసుకున్నావు.

ఏం లేదు, మాట వరసకన్నాను.

మా నాన్నా? నువ్వు తిరిగొచ్చి ఇన్సూరెన్సులో డెవలప్‌మెంట్ ఆఫీసరువి అవుతావనే ఇప్పటికీ అనుకుంటున్నాడు. పాలసీ నీ దగ్గరే కడతాట్ట… నవ్వు, నవ్వు.

సరే, అడుగు… పేటలో ఇళ్లు అరవై రెండు. మొన్న మళ్లీ లెక్కపెట్టి వచ్చాను… పేట నుంచి మంచినీళ్ల చెరువుకి ముప్పావు కిలోమీటరు… కాదు, అచ్చాయమ్మ మోసేది నాలుగు బిందెలు. పొద్దున్న రెండు, సాయంత్రం రెండు… ఆవిడ ఫొటో కూడా పంపానుగా… మొదటి పేజీలో పెట్టావా? మంచిది… కింద పేరు రాయలేదా? ఎందుకని?… ఏమో, మీ రూల్సు మీవి.

తిరిగి లెక్కపెట్టింది నేను. మొదటి పేజీ నీది.

— అవునే, కుళ్లే! కుళ్లుకుంటున్నాను. ఏం, ఒప్పుకోకూడదా?

ఆ స్కాలర్‌షిప్పు ఫారం మీ ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూచుని నింపాం, గుర్తుందా? నువ్వు నా ఇంగ్లీషు దిద్దావు. నేను చెప్పిన ఊరి కబుర్లన్నీ నీ దాంట్లో రాసుకున్నావు. నీ కవరు మాస్టారు స్వయంగా రాజమండ్రి పట్టుకెళ్లి పోస్టు చేశారు. నా కవరు మా నాన్న బీరువాలో పెట్టి తాళం వేశాడు… ఎందుకేంటి? ఊళ్ల గురించి చదవడానికి ఇంగ్లండు దేనికి, మనం ఊళ్లోనే ఉన్నాంగా అన్నాడు.

… మీ నాన్నగారు మాస్టారు. మా నాన్న అరటి రైతు. నీ తప్పని నేనన్నానా?

ఆ, బి.ఏ. చదువుతున్నాను. మా లెక్చరరు గారు అభివృద్ధి మీద నోట్సు చెప్తారు, మేం రాసుకుంటాం. పరీక్షలో అదే దింపేసి వస్తాం. ఏ ఊరికేం కావాలని మమ్మల్ని అడిగేవాళ్లెవరు?

సర్లే, ఊరుకో. నీ ప్లానేంటో చెప్పు, విందాం.

ఊఁ… రెండు బోర్లు… చేతిపంపులు… స్కూలు దగ్గరొకటి, పేటలో ఒకటి… ఊఁ… అచ్చాయమ్మ ఇంక చెరువు దాకా నడవక్కర్లేదు… వింటున్నాను, చెప్పు…

ఎవరూ? ఏదో ట్రస్టు వాళ్లు వింటానికి వస్తున్నారా?… నచ్చితే నిజంగా వేయించేస్తారా?

… మే నెల మొదటి వారంలోనే?

నాకు చెప్పలేదు మధూ. నాకు మార్కుల కోసమనే చెప్పావు… లేదు, చెప్పలేదు!

మాస్టారా? మన ప్రెసిడెంటు దొరబాబు గారికి మాస్టారు ఎప్పుడు చెప్పారు?… పది రోజులైందా? అదన్నమాట సంగతి!

… కాదే, దొరబాబు గారు ఈ ఏడు చెరువు సంగతే పట్టించుకోవడం లేదు. మేం అడిగితే, ‘మంచి కబురొకటుందమ్మా, ఈసారి చెరువుతో పనుండదులే’ అంటున్నారు. కాలవ నీళ్లు చెరువులోకి వదిలే తూము ఇంకా ఎత్తించలేదు. చెరువు సగం కూడా నిండలేదు. ఎల్లుండి కాలవ కట్టేస్తున్నారు… అవును, ఎల్లుండే. కాలవ నీళ్లు చూసే లస్కరున్నాడే, బుల్లిరాజు, అతనే వచ్చి చెప్పి వెళ్లాడు. పైన లాకుల దగ్గర తలుపులు దించేశారంటే జూను దాకా చుక్క రాదు.

…

ఆగు, తలుపు దగ్గరేసి వస్తాను.

మధూ, ఒక మాట చెప్తాను. అరవకు… ముందు అరవనని చెప్పు.

ఆ పంపుల నీళ్లు తాగడానికి పనికిరావు.

… అవును, తియ్యగా ఉన్నాయని రాసింది నేనే. జనవరిలో. స్కూల్లో ఉన్న పాత బోరు దగ్గర గ్లాసుతో పట్టుకుని తాగి మరీ రాశాను. అబద్ధం కాదు. కాలవ పారుతున్నన్నాళ్లూ దాని ఊటే కిందకి దిగుతుంది, నీళ్లు తియ్యగానే ఉంటాయి. కాలవ కట్టిన పదిహేను రోజులకి ఉప్పొచ్చేస్తుంది. మే నెలలో ఆ నీళ్లకి గేదె కూడా మూతి పెట్టదు.

… ప్రతి ఏడూ! అందుకే కదే చెరువున్నది! కాలవ కట్టేలోపు నింపుకుని, మళ్లీ కాలవ వదిలేదాకా ఆ నీళ్లే తాగుతాం.

నీకెలా తెలుస్తుంది? పరీక్షలైన మర్నాడే మీరంతా రాజమండ్రి, మీ అమ్మమ్మగారింటికి బండెక్కేవాళ్లు. మళ్లీ బడి తెరిచిననాడు దిగేవాళ్లు. మన ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో నువ్వు ఒక్క ఏడు కూడా చూడలేదు. మాస్టారూ చూడలేదు.

దొరబాబు గారికి తెలుసు. తెలియక కాదు. ఇంగ్లండు యూనివర్సిటీ వాళ్లు టెస్టు చేసి వేస్తున్నారంటే, ఉప్పుకి కూడా ఏదో ఉపాయం చూసే ఉంటారని నమ్మేసుంటారు. ఆ టెస్టు నా గ్లాసని ఆయనకేం తెలుసు?

…

కావాలనే.

కావాలనే చెప్పలేదు మధూ. ‘మే నెలలో మాత్రం’ అని టైపు కూడా చేశాను. చేసి, చెరిపేశాను… ఎందుకంటే… ఆ ఎర్ర కోటు ఫొటో వచ్చింది ఆ రోజే.

మీ వాళ్లందరి ముందూ నువ్వు ఒక్కసారి తప్పితే చాలనుకున్నాను. మార్కులేగా, పోతే పోతాయిలే అనుకున్నాను. మధ్యలో అచ్చాయమ్మ బిందె ఉంటుందని ఆలోచించలేదు.

తిట్టు… ఆ… ఆ… అదీ నిజమే… అంత మాటకీ తగినదాన్నే.

ఏడుస్తున్నావా?… ఏడవకే. నీ ఫోను కార్డు అయిపోతుంది. ఇంకా ఎన్ని నిమిషాలొస్తుంది?… ఆరా? చాలు. కాయితం తీసుకో. ముక్కు తర్వాత చీదుకుందువుగాని, ముందు రాసుకో.

బోర్ల మాట కొట్టెయ్… మొత్తం కొట్టెయ్.

చెరువు బాగు చేయాలని రాయి. పన్నెండేళ్లయింది పూడిక తీసి. నిలువెత్తు నీళ్లుండాల్సిన చోట నడుము లోతే ఉంటున్నాయి… ఆ, పూడిక తీస్తే జూను దాకా సరిపోతాయి. తీసిన మట్టి పడమటి గట్టుకి వేసుకోవచ్చు, అక్కడ గండిపడేలా ఉంది… రాశావా? చెరువు పక్కన ఇసక ఫిల్టరు కట్టాలి. అక్కణ్నించి పేటకి పైపు వేసి కుళాయిలు పెట్టాలి. అచ్చాయమ్మకి నడక తప్పుతుంది, అదీ నిజంగా.

తవ్వేది మే ఆఖర్లో, చెరువు అడుగంటాక. కాలవ వదిలేలోపు ముగించాలి. ఆ పదిహేను రోజులే టైము. ఇది పెద్దక్షరాలతో రాయి, మీ వాళ్లకి తెలియదు.

… ఎక్కడ చదివానా? ఎక్కడా చదవలేదు. ఇరవై ఏళ్ల నుంచి తాగుతున్నాను.

ఇంకోటి. ఈ ఫోను పెట్టగానే మాస్టారికి చెయ్యి. తూము ఇవాళే ఎత్తమని ఆయన చేత దొరబాబు గారికి చెప్పించు. ఉన్నది రేపొక్కరోజు… నేను చెప్తే వింటారా? నాది అమలాపురం బి.ఏ., నీది ఇంగ్లండు… బాధగానే ఉంది మరి. ఉన్నా సరే, చెప్పించు.

మధూ…

ఆ కాయితం మీద నా పేరు రాస్తావా?

… ఎందుకు కుదరదు?… అదీ రూలేనా?… ఊళ్లో వాళ్ల పేర్లు బయటపెట్టకూడదు… వాళ్ల మంచికే… ఓహో. అంటే నేను ఊళ్లో మనిషిని.

మరి నీ పేరు?… ఆఁ. నువ్వు రాసినదానివి.

లేదు, కోపం లేదు. తప్పు చేసినదాన్ని, నాకేం కోపం… మరి నన్నేమని రాస్తావు?… మారుపేరా? ఏదైనా పెట్టొచ్చా?… నేను చెప్పిందే పెడతావా?… ఒట్టేనా?

అయితే రాయి. స్పెల్లింగు నీకే బాగా తెలుసు.

మధులత.

… అవును, నీ పేరే. చెరువు సంగతంతా చెప్పిన పల్లెటూరి అమ్మాయి పేరు మధులత.

… వేళాకోళం కాదు. ఒట్టేశావు.

రాశావా?… మధూ, రాశావా?… హలో?… హలో?…

కార్డు అయిపోయినట్టుంది.

అమ్మా! నా చెప్పులెక్కడ?… దొరబాబు గారింటికి… ఇప్పుడే వెళ్లాలి. మాస్టారు ఫోను చేసేలోపు వెళ్లాలి… వినకపోతే వినేదాకా వాళ్లరుగు మీదే కూచుంటాను.

ఈ ఒక్కటైనా ముందు నేను చెప్పాలమ్మా.