రిమార్కుల గడిల ఏసిన తారీఖు

"బాపమ్మా, నాకు ఎలక్షన్ డ్యూటీ పడ్డది. నువ్వు గూడ చేసినవంట కదా. భయం కాలేదా?"

అయింది బిడ్డా, ఎందుకు కాదు. కానీ ఫస్టు నవ్వొచ్చింది, భయం దాని ఎనక వచ్చింది. కూసో కావ్యా. ఆ కుర్చీల కాదు, దాని కాలు ఊగుతది. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చేసుకో. మీ నాయనకు మాత్రం ఇనిపియ్యకు, ఉన్న పరువు పోతది.

యూనివర్సిటీ లైబ్రరీల నేను కౌంటర్ మీద కూసునేదాన్ని, తెల్సు కదా. ముప్పై ఏండ్లు... కాదు, ఇరవై తొమ్మిదే, నడుమ మీ నాయన పుట్టినప్పుడు సెలవు పెట్టిన. పని ఏందంటే, పిల్లలు పుస్తకం తెస్తరు, నేను నంబరు రాస్త, సంతకం పెట్టిపిస్త, చివరి గడిల వాపస్ తెచ్చే తారీఖు ఏస్త. ఇయ్యాల్టి నుంచి పదిహేను రోజులు. మనసు యాడున్నా చెయ్యి దానంతటదే ఏస్తది.

గట్ల ఇంకో రెండేండ్లల్ల రిటైరయిత అనంగ డ్యూటీ ఆర్డర్ వచ్చింది. లాలాగూడల ఒక బడి. మీ తాత సంబరం చూడాలె. ఆయన ఆ పక్కనే మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌ల పెరిగినోడు కదా, గల్లీలన్నీ కాగితం మీద గీసిచ్చిండు. ఏ హోటల్ల చాయ్ మంచిగుంటదో గూడ గుర్తు పెట్టిండు. రెండు రూపాయలకు చాయ్, మీద మలై. ఓటు యాడ ఏస్తరో గీయలే గని హోటల్ గీసిండు. పాపం, ఆయన లోకం గట్లుండె.

ఆఁ, యాడున్నం? పోలింగ్ బూతు. మా బూతుకు పెద్ద చెంగల్రాయుడు సారు, అదే, ప్రిసైడింగ్ ఆఫీసరు. చిత్తూరు దిక్కు పిల్లగాడు, కాలేజీల కొత్తగ లెక్చరరయిండు. చేతుల రూల్స్ పుస్తకం, నెత్తి మీద చెమట. నాది రిజిస్టర్ పని. ఓటరు వస్తే లిస్టు నంబరు రాయాలె, సంతకం పెట్టిపియ్యాలె. చివర రిమార్క్స్ అని ఒక గడి ఉంటది, ఊకెనే దాంట్ల ఏం రాయొద్దు.

సమజైందా నేనేం చేసిన్నో? నవ్వకు, ఇంకా చెప్పలే.

ఆరో నంబరు ఓటరు నర్సయ్య అని, రైల్వే వర్క్‌షాపుల చేసి రిటైరయినాయన. ఆయన సంతకం పెట్టుడు చూడాలె నువ్వు. నాలిక పండ్ల నడుమ పెట్టి, ఒక్కొక్క అక్షరం దించుతుండు. ఎనక లైన్ల ఉన్నోళ్లు గులుగుతున్నరు. ఆయన మెల్లగ తల ఎత్తి, "అమ్మా, గిదేం తారీఖు? మళ్ల పదిహేను రోజులకు రావాల్నా?" అన్నడు. చూస్తే ఆరుగురికీ వాపస్ తారీఖు ఏసి పెట్టిన. రూములున్నోళ్లంతా ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన.

అప్పుడు లేచిండు యాదగిరి. ఒక పార్టీ ఏజెంటు, ఆ గల్లీల లీడరు. నవ్వకుండ దగ్గరికొచ్చి, "మేడం, ఇది పరేషాన్ అయితది. ఆ కాగితం చింపుండ్రి, కొత్త దాంట్ల రాయుండ్రి. ఆరు సంతకాలే కదా, మా పోరగాండ్లు పెడ్తరు. అందరం మనోళ్లమే" అన్నడు.

అబద్ధమెందుకు చెప్పాలె నీకు, నేను కాగితం కొస పట్టుకున్న. రెండేండ్లల్ల పింఛన్. ఇరవై ఏడేండ్లు ఒక్క మెమో లేదు నాకు. లైబ్రరీల తెలిస్తే జీవితమంత నవ్వుతరు. చింపితే అయిపాయె అనిపిచ్చింది. కానీ ఆ నర్సయ్య సంతకం కనవడ్డది. తడి ఇంకా ఆరలే. గంత కష్టపడి పెట్టిన సంతకాన్ని ఎవడో పోరగాడు గీకుతడా అని మనసుకు ఎట్లనో అయింది. చెయ్యి తీసిన.

చెంగల్రాయుడు సారు పుస్తకం తిప్పి తిప్పి, పేజీ దొరికిచ్చుకొని చదివిండు. "మేడం, ఇది చింపితే నేరమంట. మామూలు వాళ్లు చేస్తే ఒక శిక్ష, డ్యూటీలో ఉండే మనం చేస్తే ఇంకా ఎక్కువంట. వద్దు మేడం, కొట్టేసి సంతకం పెట్టండి. జరిగిందంతా నేను డైరీలో రాస్తా."

యాదగిరికి కోపమొచ్చింది. "మీ పెద్దసారు నాకు దోస్తు. ట్రాన్స్‌ఫర్ చేపిస్త నిన్ను" అన్నడు. నేనన్న, "యాడికి తమ్మీ? మాకున్నది ఒకటే లైబ్రరీ. మహా అయితే పై అంతస్తు పంపుతరు, నాకు మోకాళ్ల నొప్పులు, లిఫ్టు పెట్టియ్యి." మళ్ల నవ్వులు. చెంగల్రాయుడు సారుకు గూడ జర ధైర్యమొచ్చినట్టుంది. "ఫలితాలు వచ్చేదాకా ఈమె యూనివర్సిటీ మనిషి కాదు, ఎన్నికల అధికారుల కింద మనిషి. బెదిరిస్తే మీ మీదే కేసు పెట్టాల్సొస్తాది" అన్నడు. ఆ పిల్లగాడు అంత మాట అంటడని నేననుకోలే.

ఆరు తారీఖుల మీద ఆరు గీతలు గీసిన, కింద తారీఖు కనవడేటట్టే. పక్కన నా సంతకం. సారు డైరీల ఏం రాసిండో తెల్సా? "పోలింగ్ అధికారి లైబ్రరీ అలవాటు చేత" అని మొదలువెట్టిండు. సర్కారు కాగితంల ఎక్కింది నా అలవాటు. పోలింగ్ అయినంక రిజిస్టర్ కవర్ల పెట్టి లక్క సీలేసినం. కవరు మీద ఏజెంట్ల సంతకాలు, యాదగిరిది గూడ. ఒకసారి సీలు పడ్డదంటే కోర్టు చెప్తే తప్ప ఎవ్వలు ఇప్పొద్దు, ఎంత పెద్దోడయినా.

ఇగ అయిపోయింది అనుకున్న. యాడ? యాదగిరోళ్ల క్యాండిడేటు కొద్దిల ఓడిపోయిండు. కేసు ఏసిండు. ఏమని? పొద్దుగాల ఆ బూతుల అసలు మనుషులే రాలేదు, దొంగ ఓట్లు, రిజిస్టర్ తర్వాత కూసొని రాసిండ్రు, చూడుండ్రి పదిహేను రోజుల తర్వాతి తారీఖులున్నయి అని. నా తప్పే నా మెడకు చుట్టిండు. నెల రోజులు నాకు తిండి పోలే బిడ్డా. రిటైర్మెంట్ ముంగట దొంగ అని పేరు. మీ తాత రోజు "ఏం కాదు" అంటుండె, ఆయనకు గూడ నిద్ర లేదు.

కోర్టుల కవరు తెచ్చిండ్రు. సీలు సీలు లెక్కనే ఉన్నది, మీద యాదగిరి సంతకం ఉన్నది. పోలింగ్ రోజు మూసింది తర్వాత ఎట్ల రాస్తరు? సారు డైరీ చదివిండ్రు, "లైబ్రరీ అలవాటు చేత" అన్నకాడ జడ్జి సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. నవ్వాపుకునుడే అది, నాకు తెల్వదా.

అప్పుడు నర్సయ్యను పిలిచిండ్రు. కడక్ ఇస్త్రీ చొక్కా ఏసుకొని వచ్చిండు. ఓటేసినవా అని అడిగితే, "ఏసిన సారు. ఎవరికో మాత్రం చెప్ప" అన్నడు. "అది ఎవ్వరూ అడగొద్దు, చట్టమే వద్దన్నది" అన్నడు జడ్జి సారు. రిజిస్టర్ ముంగట పెట్టిండ్రు. ఆయన శానా సేపు చూసి, ఏలు పెట్టి, "గిది నాది" అన్నడు. గంతే.

కేసు నిలవలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూసొని ఏడ్చిన. బతికిపోయిన్నని కాదు. ఆ దినం నేను కాగితం చింపితే, ఆ ముసలాయన గక్కడ నిలబడి నేను ఓటేసిన అని ఎంత మొత్తుకున్నా ఎవలు నమ్ముతుండె చెప్పు. రిజిస్టర్ల ఇంకొకడి రాత ఉంటుండె. నా పరువు కోసం ఆయనను అబద్ధాలకోరును చేస్తుంటి.

సల్లగుండు బిడ్డా, పోయి చెయ్యి డ్యూటీ. తప్పు రాస్తే రాస్తవు, గీత గీసి నీ పేరు పెట్టు, ఏం కాదు. వచ్చినోళ్ల రాతను మాత్రం... నీకు చెప్పాల్నా, నువ్వు మంచిదానివి. నూరేండ్లు బతుకు.