ముక్కుగారి ఖాళీ గ్లాసు

నిమ్మచెక్క ఎవరు పెట్టమన్నారు మేనేజరు సార్ ఇక్కడ? ఉప్పు కూడానా! తీసేయమనండి. విచారణ అన్నారు గదా, పందెం కాసి గొంతులో పోసుకునే ఆట కాదుగదా ఇది.

కోప్పడకండి. ముప్పై నాలుగేళ్ళుగా ఈ బార్లో నేను మొత్తుకునేది ఇదే. చెడ్డ టెకీలాకి ఉప్పూ నిమ్మకాయా కావాలి, మంచిదానికి ఓపిక కావాలి. నాలుకని ఉప్పేసి మొద్దుబార్చి, పైన పులుపు పిండాక, లోపల ఏముందో ఎవడికి తెలుస్తుంది?

ఆఁ, వస్తున్నా, విషయానికే వస్తున్నా. పెన్ను మూత తీశారుగా, మళ్ళీ పెట్టకండి.

సాక్షి పేరా? ముక్కు అని రాయండి. నిజంగానే. కింద గేటు దగ్గర అడిగినా అదే చెప్తారు. మూత తీస్తే చాలు, సీసాలో ఏముందో చెప్తానని వచ్చిన పేరు. మా ఆవిడ కూడా "ఏమండీ ముక్కుగారూ" అనే పిలుస్తుంది. కోపమొస్తే దాని ముందు ఇంకో మాట తగిలిస్తుందనుకోండి, అది మీ కాగితాల్లోకి వద్దు.

మొన్న శనివారం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం, ఎక్కడా తేడా రాకూడదు. ఓడ కెప్టెన్‌గారు వచ్చారు. నెలకోసారి వస్తారు, కిటికీ పక్కన కూర్చుంటారు, ఒక్క పెగ్గు గంటసేపు తాగుతారు. తాగడం తెలిసిన మనిషి. గరిట మన కొత్త టెకీలా పోసింది. ఆయన ఒక్క గుక్క తీసుకుని గ్లాసు దూరంగా జరిపేశారు. "టెకీలా అడిగితే ఐస్‌క్రీము ఇచ్చారేంటి? ఎవరో ఏదో కలిపారు ఇందులో" అన్నారు.

అంతే. మూత తీసింది గరిట, పోసింది గరిట, కాబట్టి కలిపింది గరిట. ఇదే గదా మీ కేసు?

గరిట అంటే... మీకు ఆవిడ బ్యాడ్జీ నంబరే తెలుసేమో. బార్లో కలిపే పొడుగు చెంచా ఉంటుంది చూడండి, అది చేతిలోంచి దించదు. అందుకని గరిట. పదకొండేళ్ళుగా నా భుజం పక్కన నిలబడి పనిచేసింది. ఇద్దరు పిల్లల తల్లి. నన్ను బాబాయ్ అంటుంది. ఇప్పుడు తలుపు బయట బెంచీ మీద కూర్చుంది, మీరు పిలిచేదాకా లోపలికి రాకూడదట. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు. నేను ఇస్తే వద్దంది.

ఆవిణ్ణి ఇంటికి పంపాలంటే మీకు నా మాట ఒక్కటి చాలు. "నేను ఎంపిక చేసినప్పుడు సరుకు బాగుంది" అని మొన్న రాసిచ్చాను గదా. అప్పుడు బాగుండి ఇప్పుడు చెడిందంటే, మధ్యలో చెడగొట్టింది ఆవిడే. నా చేతి రాతే ఆవిడ మెడకి తాడు.

ఈ రెండు గ్లాసులూ అందుకేగా? ఒకటి గొడవ జరిగిన సీసాలోది. రెండోది అదే రకం కొత్త సీసా, సీలు ఇందాక మీరే విప్పారు. వాసన చూసి తేడా చెప్పమంటారు.

చెప్తా. ముందు దీన్ని ఎలా ఎంచుతారో వినండి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు.

ఆఁ, తప్పే అన్నా. రాసుకోండి.

టెకీలా తీసే మొక్క చూడ్డానికి కలబందకి పెద్దన్నలా ఉంటుంది. ఏడెనిమిదేళ్ళు ఎండలో నిలబడుతుంది. తర్వాత ఆకులన్నీ నరికించుకుని, మిగిలిన దుంప పొయ్యిలో ఉడికి, గానుగలో నలిగి, అప్పుడు చుక్కలవుతుంది. మన పనివాళ్ళ బతుకే. సీసా మీద నూటికి నూరు పాళ్ళూ ఆ మొక్కదేనని రాసుండాలి, లేదంటే వేరే చక్కెరలు కలిసినట్టు. అది రాసున్నా నమ్మెయ్యకూడదు. జనం తేనె రంగు చూసి పడిపోతారు, పీపాలో ఏళ్ళ తరబడి ఊరిందని. రంగు పొయ్యడం ఎంతసేపు సార్? నేనెప్పుడూ ఆ కంపెనీవాళ్ళ తెల్లదాన్ని ముందు అడుగుతా, పీపాలో పెట్టనిదాన్ని. దానికి ముసుగుండదు.

మూతి సన్నటి గ్లాసు, రెండు వేళ్ళ ఎత్తు, మంచు ముక్క వద్దు. పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ముక్కు లోపల దూర్చకూడదు, అంచు మీద ఆనించాలి, నోరు కాస్త తెరిచి. తర్వాత చీమ తాగినంత తాగాలి. నాలుక మీద ఆపి, మింగి, ముక్కుతో ఊపిరి వదలాలి. అప్పుడొస్తుంది అసలు సంగతి. ఉడికిన దుంప, దాని వెనక మిరియం ఘాటు, ఆ వెనక్కి వెళ్తే వాన పడ్డ మట్టి.

తాగేశాక గ్లాసు కడగనివ్వను. పొద్దున్నే వచ్చి ఆ ఖాళీ గ్లాసు వాసన చూస్తా. మంచిదైతే చుక్క లేకపోయినా దుంప వాసన అలాగే ఉంటుంది. సెంటు పూసినదైతే ఆ సెంటే మిగులుతుంది. మనిషి వెళ్ళిపోయాక గదిలో ఏం మిగిలిందో దాన్నిబట్టే గదా మనిషి విలువ.

గడియారం చూడకండి సార్! విచారణలో పనివాడు కూర్చుని మాట చెప్పుకునే ఈ కుర్చీ ఇక్కడికెలా వచ్చిందో తెలుసా మీకు? మీరు అప్పుడు బళ్ళో ఉండుంటారు. "రేపట్నుంచి రావద్దు" అంటే ఇక రాకూడదంతే, ఎందుకని అడిగితే గేటు చూపించేవారు. మనిషిని తీసేసే ముందు మనిషి మాట వినండయ్యా అని నలభై ఒక్క రోజులు పనివాళ్ళమంతా ఆ గేటు బయటే కూర్చున్నాం. ఈ మోకాలికి అప్పుడు తగిలింది దెబ్బ. ఇప్పటికీ వాన కబురు అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది.

అలా తెచ్చుకున్న కుర్చీలో కూర్చుని, నా పక్క మనిషి నోటి దగ్గర కూడు నేనే లాగేసుకోబోయాను. పైగా రాతపూర్వకంగా!

సరే. ఎడం చెయ్యి చాపండి. చాపండి సార్, కొరకను.

గొడవ సీసాలోంచి ఒక్క చుక్క. రెండు చేతులూ రుద్దండి. ఆరనివ్వండి. ఇప్పుడు వేళ్ళు విడదియ్యండి. అంటుకుంటున్నాయా? బెల్లం దొంగతనం చేసిన పిల్లాడిలా ఉన్నారు ఇప్పుడు మీరు. మంచి సరుకు పొడిగా ఆరిపోతుంది. ఇది తీపీ జిగురూ పోసిన సరుకు.

చేతులు కడుక్కురండి. బాగా కడగండి.

ఇప్పుడు రెండోది. మీ చేత్తో మీరే సీలు విప్పిన సీసా. రుద్దండి.

ఇదీ అంటుకుంటోందిగా సార్!

సీలు విప్పని సీసాలోకి గరిట ఎలా దూరింది? ఆవిడ చెంచా పొడుగే గానీ, మరీ అంత పొడుగు కాదు.

కలిపింది ఇక్కడెవరూ కాదు. అది పుట్టింట్లోనే అలా తయారై వచ్చింది. దాన్ని ఎంచి తెచ్చి నెత్తిన పెట్టుకున్నది నేను.

"మరి ఆ రోజు నీకెందుకు తెలియలేదు" అంటారా? ఎట్టకేలకి అడగాల్సింది అడిగారు.

పద్నాలుగు నెలల కిందట నాకు జ్వరమొచ్చింది, గుర్తుందా? పన్నెండు రోజులు రాలేదు. జ్వరం పోతూ పోతూ నా వాసన పట్టుకుపోయింది. ఒకరోజు స్టవ్ మీద పాలు మాడి, గిన్నె బొగ్గై, పక్కింటివాళ్ళు తలుపు బాదారు. నేను రెండడుగుల దూరంలో పేపరు చదువుతున్నా. వస్తే రావచ్చు, రాకపోతే లేదన్నాడు డాక్టరు. అన్నం వాసన లేదు, సబ్బు వాసన లేదు. నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి వాసన కూడా... వద్దులెండి, అది రాయకండి.

వంటవాడికి చెయ్యి విరిగితే కట్టు కనపడుతుంది. నాకేమో చూడ్డానికి ముక్కు నిక్షేపంలా ఉంది! అప్పటికి రిటైరవడానికి ఇంకా పదహారు నెలలు. ముక్కుగారికి ముక్కు లేదని ఎవరికి చెప్పను? తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందని సామెత. నేను తుమ్మకుండా పద్నాలుగు నెలలు నెట్టుకొచ్చా.

ఎలాగంటారా? గ్లాసు ముందు గరిటకిచ్చేవాణ్ణి. ఆవిడ మొహం చూసేవాణ్ణి. కనుబొమ్మలు లేస్తే మంచిది, పెదవి ఒక పక్కకి పోతే చెడ్డది. తర్వాత నేను తీసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ... దుంప... మిరియం..." అనేవాణ్ణి. మీరందరూ ముక్కున వేలేసుకునేవారు.

సరుకు అమ్మేవాడు మూడు సీసాలు తెచ్చిన రోజు మీరూ ఇక్కడే ఉన్నారు. గరిట రెండోది చప్పరించి, నోరు పట్టక పైకే అనేసింది. "బాబాయ్, ఇందులో వెనిల్లా కొడుతోంది. పొయ్యి వాసనే లేదు" అని. అందరి ముందూ!

నాకు తెలుసు సార్ ఆవిడ చెప్పింది నిజమని. ఆవిడ ముక్కే గదా నా ముక్కు. అయినా అన్నాను, "నువ్వు గరిట తిప్పుకో, ముక్కు సంగతి నాకొదిలెయ్" అని. అమ్మేవాడు నవ్వాడు. మీరూ నవ్వారు. ఆ నవ్వు కోసం రెండో సీసా మీద వేలు పెట్టాను. కనీసం ఒక చుక్క అరచేతిలో రుద్దుకున్నా తెలిసేది. రుద్దుకోలేదు. రుద్దితే ఆవిడ గెలుస్తుందిగా.

ఆవిడ ఇచ్చిన జవాబు మీ ఫైల్లో ఉంది, తియ్యండి. "నేను ఏమీ కలపలేదు." ఒక్క ముక్క. నా మాట ఎక్కడైనా ఉందా? వెనిల్లా సంగతి ఆ రోజే బాబాయ్‌కి చెప్పానని రాస్తే తను బయటపడిపోయేది గదా, ఎందుకు రాయలేదు? రాత్రంతా అదే ఆలోచించా.

ఈ మధ్య నాకు గ్లాసు ఇచ్చేటప్పుడు తనలో తను గొణుక్కుంటుంది. "కాల్చిన దుంప... కొంచెం నారింజ తొక్క..." అని. నేను విని, అవే మాటలు పెద్దగా చెప్పేవాణ్ణి. తనలో తను మాట్లాడుకునే అలవాటేమో అనుకున్నా, పిచ్చి వెధవని. పొద్దున్నపూట ఆ ఖాళీ గ్లాసుని ముక్కుకి ఆనించుకుని, ఏదైనా వస్తుందేమోనని ఎంతసేపో నిలబడేవాణ్ణి. చూసే ఉంటుంది. ఎన్నాళ్ళ కిందటో చూసే ఉంటుంది.

నా పరువు కాపాడుతూ బయట బెంచీ మీద కూర్చుంది సార్ ఆవిడ. నేను లోపల ఆవిడ మీద సాక్షిని.

రాశారా అంతా? ఇవ్వండి, సంతకం పెడతా. ఇదిగో స్టోరు తాళం, సరుకు ఎంచే పని ఇక నాది కాదు.

ఇంకొక్క పని. ఈ మూలనున్నది ఆ రోజు ఆవిడ ఎంచిన మూడో సీసా. కాస్త పోస్తా. పది నిమిషాలు మీరు ఆగలేరు, పర్లేదు. అంచు మీద ముక్కు ఆనించండి. నోరు కొంచెం తెరవండి. నా కోసం సార్, ఏమొస్తోందో చెప్పండి.

మందు వాసనా?

ఇంకేం లేదా? మళ్ళీ చూడండి.

మందు వాసనే!

హుఁ. ముక్కున్నవాళ్ళదీ ఇదే బతుకన్నమాట.

నేను లేస్తున్నా సార్. తలుపు తీసి ఆవిణ్ణి పిలవండి. ఆ గ్లాసు మాత్రం ఎవరినీ కడగనివ్వకండి.