ముఖారి వాయించినందుకు

ఆళ్లగడ్డ నాటకపోటీల్లో మధ్యాహ్నం ఆట ముగిసింది. తమ్ముణ్ణి ఇంట్లోంచి గెంటేసే అన్న వేషం కట్టినాయన, తెర వెనక హార్మోనిస్టు దగ్గరికి వచ్చాడు.

“ఏం వాయించినావప్పా బాషా? తమ్మున్ని గెంటేసేకాడ జనం నన్ను తిట్టల్ల. ఏడ్చినారేందీ?”

“కోపంగానే వాయిద్దామనుకున్యా అన్నా. తలుపేసినాక నువ్వు గడియ మీంచి చెయ్యి తీయల్యా. అది చూసి ముఖారి ఎత్తుకున్యా.”

“అది ఏడుపు రాగం. నేను దుర్మార్గున్ని కదప్పా!”

“మరి నువ్వెందుకు అరవకుండా నిలబడిపోయినావ్?”

“అదే అర్థం కాల్యా. నీ పెట్టె వినంగానే మా తమ్ముడు గుర్తొచ్చినాడు. చేను పంచుకునేకాడ కొట్లాడి, నంద్యాలకు పోయినాడు. మాట్లాడుకోక ఆరేండ్లాయె.”

“రేపు నంద్యాలలో ఇదే ఆట కదా. రమ్మని పిలువు.”

“పిలిచి ఏం చెప్పల్ల?”

“నాకు రాగాలే తెలుసన్నా. మాటలు నువ్వే చూసుకోవల్ల.”

ఆయన ఫోన్‌లో తమ్ముడి నంబరు వెతికి నొక్కాడు. అవతలి గొంతు కంగారుగా అడిగింది.

“అన్నా! ఎవరికేమైంది?”

“ఎవరికీ ఏం కాల్యారా. రేపు నంద్యాలలో నాటకమాడతాండా. వస్తావా?”



“ఏం వేషం అన్నా?”

ఆయన హార్మోనిస్టు వైపు చూశాడు.

“అన్న వేషమేరా” అన్నాడు.