ఆరో గడి

చేపలు కోసే గది. తడి గచ్చు. బల్ల మీద నిలువునా చీల్చిన చేప. అటు నిలదీస్తున్న భార్య, ఇటు భర్త.

“నావైపు కాదు, చేపవైపు చూడు. ఏ రంగుంది?”

“చేప రంగే ఉంది.”

“మన చేప తెల్లగా ఉంటుంది. ఇది ఎర్రగా ఉంది, ఎర్రగా! ఇదిగో రంగుల అట్ట. పక్కన పెట్టి నువ్వే చెప్పు. తెలుపు దాటి ఎన్నో గడి?”

“ఐదనుకుంటా.”

“ఆరు!”

“సరే, ఆరు. అయితే ఏంటి?”

“మేతలో ఆ కెరోటినాయిడ్ పొడి పడకుండా మన చేపకి ఇంత రంగు రాదు. కలిపావా?”

“అదేమన్నా విషమా? అందరూ కలుపుతున్నదేగా…”

“విషమా అని అడగలేదు. కలిపావా?”

“కలిపాను.”

“పొట్లం మీద ‘రంగు కలపలేదు’ అని రాసి, కింద నా ఫొటో వేసుకుని అమ్ముతున్నాను. అది తెలిసే కలిపావా?”

“తెలిసే.”

“ఎందుకు?”

“తెల్ల చేపని చూసి జనం మొహం తిప్పుకుంటున్నారని…”

“పెళ్ళయి మూడు నెలలు. ఇల్లరికం వచ్చిన రోజే నాన్న దగ్గర్నుంచి మేత గది తాళం తీసి నీ చేతిలో పెట్టాను. నమ్మించి గొంతు కోశావు కదా!”

“అలా అనకు. కాస్త విను…”

“వినను. బట్టలు సర్దుకో.”

“నువ్వు పొమ్మంటే పోతాను.”

“అంతేనా? బతిమాలవు, పోట్లాడవు… అంతేనా?”

“అంతే.”

“ఏంటమ్మా, మీ కేకలు గేటు దాకా వినిపిస్తున్నాయి?”

“నాన్నా, నీ అల్లుడు మేతలో రంగు కలిపాడు.”

“అయ్యయ్యో! ముప్పై ఏళ్ళ నా పేరు గంగలో కలిపావు కదయ్యా!”

“తప్పయిపోయింది మామయ్యా.”

“తప్పంటే సరిపోతుందా? పంపించెయ్యమ్మా. ఇలాంటివాడు మనకొద్దు.”

“వెళ్తున్నా.”

“ఆగు. మూడు నెలల్లో ఆరో గడి ఎలా ఎక్కింది?”

“పొడి… కాస్త ఎక్కువ వేశాను.”

“ఎంత వేసినా నెలకో గడే ఎక్కుతుంది. చిన్నప్పుడు ఈ అట్ట నా చేతికిచ్చి ఆ మాట చెప్పింది నువ్వేగా నాన్నా?”

“అదీ… ఏదో నోటిమాటమ్మా అది…”

“ఇక వదిలెయ్. నీకు మీ నాన్నంటే ప్రాణమని తప్పు నేనే ఒప్పుకున్నాను…”

“నువ్వుండు. నాన్నా, ఈ రంగు ఎక్కడం మొదలైన రోజుకి ఈయన మన గడపే తొక్కలేదు. అయినా పంపించెయ్యమన్నావు.”