మగ్గాల వీధి సోలార్ అర్జీ

మదనపల్లె, 2003. ముసురు పట్టిన సాయంకాలం, వార్డు కౌన్సిలర్ ఇంటికి ఒక నేతకారుడు అర్జీ తెచ్చాడు.

“మళ్ళీ సోలార్ అర్జీనేనా? పోయిన నెల మీ ఇంటామె తెచ్చింది గదప్పా.”

“అదే సార్. మిద్దెల మీద సోలార్ ప్లేట్లు పెట్టుకునేదానికి మున్సిపాలిటీ సగం ఖర్చు ఇయ్యాలని. ముప్పై తొమ్మిది ఇండ్లోళ్ళు సంతకం పెట్టినారు.”

“ఆమె నలభై అనిందే?”

“మా పేరు కొట్టేసినా సార్.”

“యాల? ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది ఆమే గదా. ఈసారి రాలేదా?”

“మీరు వచ్చే వారం సూస్తామంటిరి. ఆ వారంలోనే, కరెంటు పోతే కిరసనాయిలు బుడ్డి పెట్టుకొని నేస్తాండింది. బుడ్డి పడుగు మీద పడింది. పట్టుదారం, ఆమె కొంగు, అన్నీ ఒకేసారి అంటుకున్యాయి. మూడో దినం ఆస్పత్రిలో పాయ సార్.”

“నాకెవురూ సెప్పలేదప్పా.”

“మాకింక మగ్గం లేదు, వెలుతురుతో పనీ లేదు. కడమ ముప్పై తొమ్మిది ఇండ్లల్లో బుడ్లు ఎలగతానే ఉండాయి.”

“ఇట్లియ్యి, ఇప్పుడే సంతకం పెడతా. ఛ, కరెంటు పాయ. కొవ్వొత్తి ఉండాది గానీ, నీ దగ్గర అగ్గిపెట్టె ఉండాదా?”

“లేదు సార్. ఇప్పుడు ఇంట్లో గూడా పెట్టుకోను.”