మగ్గం గుంతల అరగంట

“పెద్దమ్మా, మగ్గం పోయినా నడింట్ల గీ గుంత ఎందుకు పూడ్పియ్యలే?”

తప్పు నాదే బిడ్డా. కాపురానికొచ్చి పదేండ్లయినా నాకొక జాగ కావాలని నోరు తెరవలే. రజాకార్ల లొల్లి సల్లబడ్డంక అయింది నా పెండ్లి... ఆఁ, అప్పుడే. మెట్‌పల్లిల గిదే ఇల్లు, రెండే అర్రలు. మామకు అరుగు, అత్తకు పొయ్యి కాడి పీట, మీ పెద్దబాపుకు మగ్గం. నాకేది? నూలు కండెలు చుట్టుకుంట గూసుంటె “నీళ్లు తే, పోరన్ని ఎత్తుకో” అని ఒకటే పిలుపు. జర ఊపిరి తీసుకుందామని చెంబు వట్టుకొని దొడ్లకు పోయి గూసుంటుంటి. నవ్వకు, నిజం! కడుపు నొస్తుందనుకొని మా అత్త వారం దినాలు వాము నీళ్లు తాపింది.

మన సాలోళ్ల ఇండ్లల్ల ఒక కట్టడి ఉండె గద. మగ్గం గుంతల కాళ్లు వెట్టి గూసున్నోళ్లను పిలువద్దు. పిలిస్తె చెయ్యి జరుగుతది, పోగు తెగుతది. సుట్టమొచ్చినా లేసేదాక ఆగాలె.

ఒకనాడు మీ పెద్దబాపు బువ్వ తిని జర నడుం వాల్చిండు. నేను పోయి గుంతల కాళ్లు వెట్టి గూసున్న. ఎంత సల్లగుండెనో! అత్త రానే వచ్చింది.

“ఏందే, ఆడిదానివి మగ్గం కాడ గూసుంటివి? లే! గిన్నెలెవరు తోముతరు?”

“గుంతల ఉన్నోళ్లను పిలువద్దంటివి గదత్తా.”

“అది నేసెటోనికే!”

“గుంతల ఉన్నోళ్లు అన్నవు. నేసెటోడు అనలే.”

అరుగు మీద మామ కిసుక్కున నవ్విండు. అత్త మూడు దినాలు మాట్లాడలే. నాకు అది గూడ ఆరామే అయింది.

తర్వాత మీ పెద్దబాపు కరెంటు మగ్గాల షెడ్డుకు పోవట్టిండు. ఇంట్ల మగ్గం ఇప్పి, తట్టల మన్ను తెచ్చిండు.

“మగ్గమే లేదు, ఇగ గుంతెందుకు? పోరగాండ్లు పడుతరు.”

“మోకాలి లోతుల పడి ఎవడు సచ్చిండు?” అని గుంతల దిగి గూసున్న. “పొయ్యి మన్ను. నా మీదనే పొయ్యి.”

అటు సూసిండు, ఇటు సూసిండు, తట్ట దొడ్ల గుమ్మరించి వచ్చిండు.

నేను గా దినమే అనుకున్న. బువ్వ తిన్నంక గీ గుంతల అరగంట నాది. ఇంట్ల పెండ్లున్నా, పురుడున్నా, ఎవలు మొహం ముడుసుకున్నా సరే. గిప్పటిదాక ఒక్కనాడు ఇడువలే.